పరిమళించే పాతకాలపు పొద గులాబీలు: రకం ఎంపిక నుంచి కొమ్మ నాటే దాకా

గులాబీ చేతికందగానే ఎవరైనా ముందు దాన్ని ముక్కు దగ్గరికి తీసుకెళ్తారు. పూలగుత్తుల కోసం పెంచే పొడుగు కాడల గులాబీల్లో చాలావాటికి ఆ వాసనే ఉండదు. వాటిని ఎంపిక చేసినవాళ్లు కాడ పొడవు చూశారు, మొగ్గ ఆకారం చూశారు, కోశాక ఎన్నాళ్లు వాడకుండా ఉంటుందో చూశారు. వాసన లెక్కలోకి రాలేదు. పాతకాలపు పొద గులాబీలు అలా కాదు. వాసన కోసమే తరతరాలుగా జనం కొమ్మ తర్వాత కొమ్మ నాటుకుంటూ బతికించుకున్న మొక్కలవి.

వీటి విషయంలో రెండు సంగతులు తెలిస్తే మిగతాదంతా మామూలు తోటపనే. మొదటిది, మీ దగ్గర చలికాలం ఎంత చల్లగా ఉంటుంది అన్నది. రెండోది, మీ మొక్క పాత కొమ్మ మీద పూస్తుందా, కొత్త చిగురు మీద పూస్తుందా అన్నది. పూయని గులాబీ గురించి నాకు ఎదురైన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రెంటిలో ఏదో ఒకటి తప్పడం వల్ల వచ్చినవే.

ఏవి పాతకాలపువి

1867లో ఫ్రాన్స్‌లో గియో అనే గులాబీల పెంపకందారు 'లా ఫ్రాన్స్' అనే రకాన్ని విడుదల చేశాడు. దాన్ని తొలి హైబ్రిడ్ టీ గులాబీగా, అంటే నేటి పొడుగు కాడల గులాబీల తరగతిలో మొదటిదిగా లెక్కిస్తారు. ఆ ఏడాదికి ముందే ఉన్న తరగతులన్నిటినీ అమెరికన్ రోజ్ సొసైటీ పాత తోట గులాబీల కింద చేర్చింది. ఇక్కడ చూసేది తరగతి వయసు, రకం వయసు కాదు. 'మదామ్ ఇజాక్ పెరేర్' 1881లో వచ్చినా బోర్బన్ తరగతికి చెందింది కాబట్టి పాత గులాబీయే. రుగోసా సంకరాలు, హైబ్రిడ్ మస్క్‌లు ఈ లెక్కలోకి రావు కానీ పొద స్వభావం, వాసన, మొండితనం చూసి నేను వాటినీ ఈ జట్టులోనే ఉంచుతాను.

మొదటి మెట్టు: చలికాలాన్ని బట్టి తరగతి

రకం పేరు చూసి మనసు పారేసుకునే ముందు తరగతి తేల్చుకోవాలి.

గాలికా, డమాస్క్, ఆల్బా, సెంటిఫోలియా, మాస్ అనేవి ఐరోపా పాత తరగతులు. వీటిలో దాదాపు అన్నీ ఏడాదికి ఒక్కసారే, వసంతం చివర నుంచి కొన్ని వారాలపాటు విరగబూస్తాయి. చలికాలం దాటి వచ్చిన కొమ్మల మీది కళ్లు (చిగురు పుట్టే చోట్లు) వసంతంలో పూతకొస్తాయి. ఆ తర్వాత పూతను ఆపే జన్యువొకటి పని మొదలుపెడుతుంది. ఇక వచ్చే చిగుళ్లన్నీ ఆకులకే పరిమితం. చైనా గులాబీల్లో ఆ జన్యువు మధ్యలోకి వేరే డీఎన్ఏ ముక్క చొరబడి దాన్ని పనిచేయనివ్వకుండా చేసింది. అందుకే వాటిలో ప్రతి కొత్త చిగురూ పువ్వుతోనే ముగుస్తుంది. నేటి గులాబీలు ఏడాది పొడవునా పూయడానికి మూలం ఆ చైనా మొక్కలే.

చలికాలంలో నీళ్లు గడ్డకట్టే చోట్ల ఐరోపా తరగతులు హాయిగా పెరుగుతాయి. అక్కడ నన్నడిగితే ముందు డమాస్క్‌లు నాటమంటాను. 1832 నాటి 'మదామ్ ఆర్డీ' తెల్లటి పువ్వు, నడుమ చిన్న ఆకుపచ్చ కన్ను, వాసనలో నిమ్మ ఛాయ. 'ఇస్ఫహాన్' పూత కాలం మిగతావాటికంటే ఎక్కువ రోజులు సాగుతుంది. కాస్త నీడ పడే చోటైతే ఆల్బాలను మించినవి లేవు. చలి మరీ తీవ్రమైతే రుగోసాలే దిక్కు. సున్నాకు 30 డిగ్రీలు కిందికి పోయినా తట్టుకుంటాయి, ఉప్పు గాలికీ వెరవవు. 'రోజరే ద లాయి'లో లవంగం లాంటి ఘాటు ఉంటుంది.

చలికాలం గోరువెచ్చగా గడిచిపోయే చోట్ల ఇదే 'మదామ్ ఆర్డీ'ని నాటితే ఆకులు వేస్తూ ఏళ్లు గడిపేస్తుంది. దానికి కావలసిన చలి అందదు. అలాంటి చోట టీ, చైనా, నోయిజెట్ తరగతులు నాటాలి. ఇవి ఎండను ఇష్టపడతాయి, గడ్డకట్టించే గట్టి చలిని మాత్రం ఓర్చుకోలేవు. 'డచెస్ ద బ్రబాంట్' లేత గులాబీ రంగు గిన్నెల్లాంటి పూలతో దాదాపు విరామం లేకుండా పూస్తుంది, వాసనా ధారాళమే. 'ఓల్డ్ బ్లష్' చాలా మొండి మొక్క. దాని వాసన మాత్రం తేలికే, పరిమళమే ముఖ్యమనుకునేవాళ్లు దాన్ని రెండో మొక్కగా పెట్టుకోవచ్చు.

బోర్బన్, పోర్ట్‌లాండ్ తరగతులు ఈ రెంటికీ నడుమ నిలుస్తాయి. హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రీయూనియన్ అని పిలిచే బోర్బన్ దీవిలో డమాస్క్, చైనా గులాబీలు కలిసి బోర్బన్ పుట్టింది. డమాస్క్ వాసన, చైనా గులాబీ మళ్లీ మళ్లీ పూసే గుణం రెండూ దానికి వచ్చాయి. 'లూయీజ్ ఒడియే', 'మదామ్ ఇజాక్ పెరేర్' వాసనలో తిరుగులేనివి. నల్లమచ్చ తెగులు మాత్రం ఈ తరగతిని తొందరగా పట్టుకుంటుంది. పోర్ట్‌లాండ్‌లు పొట్టిగా, నిటారుగా ఉంటాయి కాబట్టి చిన్న తోటకు, కుండీకి కూడా సరిపోతాయి. 'కోంత్ ద షాంబోర్' పేరుతో అమ్మే మొక్క దొరికితే వదలకండి.

వాసన ఎక్కడుంటుంది

అన్ని గులాబీల వాసనా ఒకటి కాదు, అన్నిటిలోనూ అది రేకుల్లోనే ఉండదు. గాలికా, డమాస్క్‌లది మనం గులాబీ వాసన అనగానే గుర్తొచ్చే పన్నీటి వాసన. జెరానియాల్, సిట్రొనెల్లాల్, ఫినైల్ ఇథనాల్ అనే పదార్థాలు దానికి కారణం. ఔషధ గులాబీగా పేరుపడ్డ ఎర్ర గాలికా రేకులు ఎండాక కూడా వాసన నిలుపుకుంటాయి. టీ గులాబీల వాసన ఎండబెట్టిన తేయాకును గుర్తుచేస్తుంది. మస్క్ గులాబీల్లో పరిమళం ఎక్కువగా కేసరాల నుంచి వస్తుంది, గాలిలో తేలి దూరం దాకా పోతుంది. మాస్ గులాబీల మొగ్గలను కప్పిన నాచులాంటి నూగును వేళ్లతో నలిపితే చెట్టుబంక వాసన అంటుకుంటుంది. స్వీట్‌బ్రయర్ అనే అడవి గులాబీలోనైతే ఆకులే వాన పడ్డాక ఆపిల్ వాసన వేస్తాయి.

జెరానియాల్ తయారీలో గులాబీ వాడే ఎంజైమ్ ఒకటుందని 2015లో ఫ్రెంచ్ పరిశోధకుల బృందం కనుక్కుంది. వాసన లేని గులాబీలో ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు దాదాపు నిద్రపోయి ఉంటుంది. అంటే వాసన లేని రకానికి ఎంత ఎరువు పోసినా వాసన రాదు. వాసన ఉన్న రకానికి మాత్రం మన పెంపకం తోడవుతుంది. నీరు చాలక వడలిన మొక్క, మధ్యాహ్నపు ఎండకు ఉడికిన పువ్వు, వడగాలి కొట్టే చోటు అన్నీ పరిమళాన్ని తగ్గించేవే. బల్గేరియాలోని కజన్‌లాక్ లోయలో నూనె కోసం డమాస్క్ పూలను తెల్లవారుజామున కోస్తారు, ఎండ ఎక్కే కొద్దీ నూనె గాలిలో కలిసిపోతుంది కనుక. మీరు నర్సరీకి వెళ్లి వాసన చూసి కొనాలనుకుంటే పొద్దున్నే వెళ్లండి. సగం విచ్చిన పువ్వును చూడండి. మొగ్గను చూసి తీర్పు చెప్పొద్దు.

మొక్క కొనడం: సొంత వేరా, అంటా?

పాత గులాబీల్లో సొంత వేరు మొక్కకే, అంటే కొమ్మ తానే వేరు వేసి పెరిగిన మొక్కకే నా ఓటు. వేరే గులాబీ వేరు మీద కట్టిన అంటు మొక్క తొలి రెండేళ్లు వేగంగా పెరుగుతుంది, నిజమే. కానీ పొద గులాబీని మనం పెట్టుకునేది దశాబ్దాల కోసం. గట్టి చలికో ఎండదెబ్బకో పైభాగం చచ్చినా, సొంత వేరు మొక్క కింద నుంచి అదే రకంగా మళ్లీ లేస్తుంది. అంటు మొక్కలో అయితే లేచేది కింద వేరుగా వాడిన ఆ వేరే గులాబీ. కొన్నేళ్లకు 'నా గులాబీ రంగు మారిపోయింది' అని అనుకునేవాళ్ల తోటలో నిజంగా జరిగేది ఇదే. అంటు ముడి (రెండు మొక్కలు అతికిన చోటు) కింద నుంచి వచ్చే పిలకను కత్తిరిస్తే రెట్టింపుగా వస్తుంది. మట్టి తీసి, అది వేరు దగ్గర ఎక్కడ పుట్టిందో చూసి, అక్కడికక్కడే పట్టి లాగేయాలి.

ఒక హెచ్చరిక. సొంత వేరు గాలికాలు నేలలో పిలకలు వేస్తూ పాకుతాయి. చుట్టూ చోటు లేకపోతే వాటిని పెద్ద కుండీలోనే ఉంచడం మేలు.

నాటడం

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగిలే చోటు చూడండి. అది పొద్దుటి ఎండైతే ఇంకా మంచిది, ఆకుల మీది మంచు తొందరగా ఆరి తెగుళ్లు తగ్గుతాయి. వేసవి మండిపోయే చోట మధ్యాహ్నం తర్వాత కాస్త నీడ పడాలి. గాలి ఆడాలి, కానీ ఈదురుగాలి కొట్టకూడదు. నడిచే దారి పక్కనో కిటికీ కిందో పెడితే వాసన వృథా పోదు. పొదకూ పొదకూ నడుమ 1.2 నుంచి 1.8 మీటర్లు వదలండి. చేతిలో ఉన్న చిన్న మొక్కను చూస్తే ఇంత దూరం ఎందుకనిపిస్తుంది, మూడో ఏడు అర్థమవుతుంది.

అంతకుముందు గులాబీ ఉన్న గుంటలోనే మళ్లీ గులాబీ పెట్టొద్దు. కొత్త మొక్క ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోతుంది. తప్పదనుకుంటే అర మీటరు లోతు వరకు మట్టి తీసేసి వేరే చోటి మట్టితో నింపండి.

1. అర మీటరు లోతు, అంతే వెడల్పున గొయ్యి తీసి నీళ్లతో నింపండి. ఆ నీళ్లు ఇంకాక మరోసారి నింపి చూడండి. మర్నాటికీ నిలిచే ఉంటే ఆ చోటు వదిలేయండి, లేదా నేలను ఒక అడుగు ఎత్తు మడిగా లేపి నాటండి. గులాబీ తడిని ఇష్టపడుతుంది కానీ వేళ్లు నీళ్లలో నానితే కుళ్లుతుంది.

2. తీసిన మట్టిలో మూడో వంతు దాకా బాగా చివికిన పశువుల ఎరువో కంపోస్టో కలపండి. బంకమట్టి అయినా ఇసుక నేల అయినా మందు ఇదొక్కటే. పచ్చి ఎరువు వేళ్లను కాలుస్తుంది. మట్టి పీహెచ్ (పులుపు, క్షార గుణాల కొలత) 6 నుంచి 6.5 మధ్య ఉంటే అన్నీ సులువు. 7 దాటి పోతే ఇనుము అందక, లేత ఆకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తాయి. రుగోసాలలో ఇది ముందుగా బయటపడుతుంది.

3. మట్టి లేని వట్టి వేళ్ల మొక్కైతే నాటే ముందు కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టండి. కుండీ మొక్కైతే వేళ్ల ముద్ద చుట్టుకుపోయి ఉందేమో చూసి అంచులను చేతివేళ్లతో విప్పండి.

4. సొంత వేరు మొక్కను కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టండి. అంటు మొక్కకు చలి ప్రాంతాల్లో అంటు ముడి నేలకు 5 సెంటీమీటర్లు కింద ఉండాలి. వెచ్చని చోట్ల అది నేల పైనే ఉండాలి.

5. మట్టి నింపి, చుట్టూ పాదు కట్టి, నిండుగా నీళ్లు పోయండి. ఆ పైన ఎండుటాకులో గడ్డో 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన కప్పండి. మొదలుకు ఆ కప్పు తాకకూడదు.

నీళ్లు, ఎరువు

రోజూ నాలుగు చుక్కలు చల్లడం కంటే వారానికి ఒకటి రెండుసార్లు లోతుగా తడపడం మంచిది. వేళ్లు నీటిని వెతుక్కుంటూ కిందికి దిగుతాయి. వేలు మట్టిలోకి రెండు కణుపుల దాకా గుచ్చి చూడండి, పొడిగా ఉంటేనే పోయండి. నీళ్లు పాదులోనే పడాలి, ఆకుల మీద కాదు. కుండీల లెక్క వేరు. మండుటెండల్లో వాటికి రోజూ కావాలి.

ఎరువు విషయంలో పాత గులాబీలు ఆశపోతులు కావు. ఒకసారి పూసేవాటికి చలికాలం చివర రెండు మూడు చేరల కంపోస్టు, కాస్త వేపపిండి చాలు. పూత అయ్యాక మరోసారి వేయండి. మళ్లీ మళ్లీ పూసేవాటికి ప్రతి పూత తర్వాత కొంచెం ఇవ్వాలి. నత్రజని ఎక్కువైతే ఏపుగా లేత చిగుళ్లు వచ్చి పేనుబంకకు విందవుతుంది, పూలు తగ్గుతాయి.

కత్తిరింపు

అసలు పరీక్ష ఇక్కడే. హైబ్రిడ్ టీ గులాబీలకు చేసినట్టు చలికాలం చివర మోకాలి ఎత్తుకు నరికేయడం పాత గులాబీకి శిక్షే.

మొదటి రెండు మూడేళ్లు ఎండు కొమ్మలు తీయడం తప్ప కత్తెర పెట్టకండి. పొద తన ఆకారం తానే తెచ్చుకుంటుంది.

ఒకసారి పూసే గాలికా, డమాస్క్, ఆల్బా, సెంటిఫోలియా, మాస్‌లను పూత అయిపోయిన వెంటనే కత్తిరించాలి, చలికాలంలో కాదు. వచ్చే ఏడాది పూలు ఈ ఏడాది పెరిగే కొమ్మల మీద వస్తాయి. చలికాలంలో వాటిని కోసేస్తే పూలను కోసేసినట్టే. పూత తర్వాత పాదులో బాగా ముదిరి, బెరడు బూడిద రంగుకు తిరిగిన కొమ్మలను ఒకటో రెండో ఏటా మొదలంటా తీసేయండి. మిగతావాటి కొసలను కాస్త తుంచితే చాలు. పక్కన లేచే కొత్త కొమ్మలకు వెలుతురు తగులుతుంది.

బోర్బన్, పోర్ట్‌లాండ్, రుగోసా లాంటి మళ్లీ పూసేవాటిని చలికాలం చివర, కళ్లు ఉబ్బే వేళ కత్తిరించాలి. ఎత్తులో మూడో వంతు వరకు తీయవచ్చు. వాడిన పూలను ఎప్పటికప్పుడు తీసేస్తే తర్వాతి పూత త్వరగా వస్తుంది. రుగోసాల్లో చివరి పూలను మాత్రం ఉంచండి, ఎర్రటి కాయలు కాస్తాయి.

టీ, చైనా గులాబీల దగ్గర చేయి అదుపులో ఉండాలి. ఇవి ముదురు కొమ్మల్లో ఆహారం దాచుకుంటాయి. లోతుగా నరికితే అలిగి, కొన్నిసార్లు కోలుకోకుండానే పోతాయి. ఎండినవి, ఒకదానికొకటి రాసుకునేవి, పుల్లల్లా సన్నబడ్డవి తీసేసి ఆపండి.

ప్రతి కోతా బయటి వైపు చూసే కంటికి అర సెంటీమీటరు పైన, కాస్త వాలుగా ఉండాలి. సికేటర్ (కొమ్మలు కోసే కత్తెర) పదునుగా, శుభ్రంగా ఉండాలి. జబ్బు కొమ్మ కోశాక స్పిరిట్‌తో తుడవకుండా ఇంకో మొక్కను తాకించకండి.

బోర్బన్‌లకు మరో ఉపాయముంది. ఇది నాకు చాలా ఇష్టమైన పని. పొడవుగా నిటారుగా పెరిగిన కొమ్మ కొసన మాత్రమే పూస్తుంది, ఎందుకంటే కొసన ఉన్న మొగ్గ కింది కళ్లను లేవనివ్వదు. ఆ కొమ్మను మెల్లగా వంచి, నేలకు కొంచెం ఎత్తులో అడ్డంగా మేకుకో తీగకో కట్టేయండి. కొస పెత్తనం పోయి, కొమ్మ పొడవునా ప్రతి కన్నూ చిగురించి పూస్తుంది. లేత కొమ్మలు సులువుగా వంగుతాయి. ముదిరాక వంచబోతే విరుగుతాయి కాబట్టి రోజుకు కొంత చొప్పున కిందికి దించండి.

తెగుళ్లు, పురుగులు

నల్లమచ్చ తెగులు బీజాలు మొలవాలంటే ఆకు కొన్ని గంటలపాటు ఆగకుండా తడిగా ఉండాలి. అందుకే పొద్దున నీళ్లు పోయడం, మొక్కల మధ్య గాలి ఆడనివ్వడం, రాలిన ఆకులను ఏరేయడం మందులకంటే ముందు చేయాల్సినవి. పగలు పొడిగా, రాత్రి చెమ్మగా ఉండే రోజుల్లో బూడిద తెగులు వస్తుంది. లేత ఆకులు ముడుచుకుని తెల్లపొడి చల్లినట్టవుతాయి. తడపదగ్గ గంధకం పొడి రెంటికీ పనిచేస్తుంది కానీ ఎండ మండే వేళ చల్లితే ఆకు మాడుతుంది. రుగోసాల మీద ఏ మందూ చల్లకండి, వాటి ఆకులు మందును భరించలేవు, వాటికి సాధారణంగా అవసరమూ రాదు.

పేనుబంకను నీటి ధారతో కడిగేయండి. ఎర్రనల్లి ఆకు అడుగున ఉంటుంది, నీళ్లు అక్కడ కొట్టాలి. లేత రంగు పూల రేకుల అంచులు గోధుమ రంగుకు మారితే తామర పురుగుల పని. ఆ పూలను, మొగ్గలను కోసి దూరంగా పారేసి, సాయంత్రం వేపనూనె చల్లండి. 'సువెనీర్ ద లా మల్మెజాన్' లాంటి నిండు రేకుల రకాలు వానల్లో మొగ్గ దశలోనే అతుక్కుపోయి కుళ్లుతాయి. అది తెగులు కాదు, వానాకాలం గడిచాక మళ్లీ మామూలుగా విచ్చుకుంటాయి.

కొమ్మతో కొత్త మొక్క

గులాబీ గింజ నాటితే తల్లి లాంటి పిల్ల రాదు. ఈ రకాలు ఇన్నాళ్లు నిలిచింది కొమ్మల వల్లే. చైనా, టీ, నోయిజెట్‌లు సులువుగా వేరు వేస్తాయి. గాలికా, ఆల్బాలు మొండికేస్తాయి కాబట్టి వాటికి పిలకను వేరుతో సహా విడదీసి నాటడమే మేలు.

పువ్వు అప్పుడే రాలిన, పెన్సిలంత లావు కొమ్మను ఎంచుకోండి. ముల్లును పక్కకు నొక్కితే పుటుక్కున విరగాలి, అదే సరైన ముదురు. 15 నుంచి 20 సెంటీమీటర్ల ముక్కను కణుపు కిందుగా కోసి, పైన రెండు ఆకులుంచి మిగతావి తీసేయండి. కింది కొసను వేరు పొడిలో (వేళ్లు రావడానికి తోడ్పడే పొడి) అద్దండి. ఇసుక, కొబ్బరి పొట్టు సమంగా కలిపిన కుండీలో సగం దాకా గుచ్చి తడపండి. అడుగు కోసిన పారదర్శకపు సీసా బోర్లించి, వెలుతురున్న నీడలో పెట్టండి. నేరుగా ఎండ తగిలితే సీసాలో ఉడికిపోతుంది. మట్టి చెమ్మగా ఉండాలి, బురదలా కాదు.

నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వేళ్లు వస్తాయి. పైన చిగురు కనిపించగానే వేళ్లొచ్చాయని మురిసి పీకి చూడకండి. కొమ్మలో దాచుకున్న ఆహారంతోనూ చిగురు వస్తుంది. మెల్లగా లాగితే పట్టుకుని ఉందా అని చూడడం చాలు. పట్టుంటే సీసాను రోజుకు కొంతసేపు తీస్తూ వారం పది రోజుల్లో పూర్తిగా తీసేయండి. తర్వాత విడి కుండీకి మార్చి, కొమ్మ ఏ మొక్క నుంచి తెచ్చారో పేరు రాసి గుచ్చండి. చిన్న మొక్కలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మొదటి ఏడాది వచ్చే మొగ్గలను తుంచేస్తూ, వేళ్లు కుండీ నిండాక నేలలోకి దించండి.